పాత త్రీ నాట్ త్రీ రైఫిల్: అసలు పూత పోకుండా శుభ్రం చేయడం ఎలా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. టెక్సస్‌లో ఒకరి ఇంటి పాత సామాను అమ్మకంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కొన్నారు. బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) మొదలయ్యే చోట ఉక్కు మీద కిరీటం, దాని కింద జి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1917, రోమన్ మూడు, పక్కన నక్షత్రం ఉన్నాయి. కర్ర నల్లబడి చేతికి అంటుకుంటోంది. గొట్టం మీద, దాన్ని కర్రకి పట్టి ఉంచే బ్యాండ్ల మీద ఎర్ర తుప్పు చుక్కలున్నాయి. కర్రని సాండ్ పేపర్‌తో రుద్ది పాలియురేథేన్ వార్నిష్ వేయమని, లోహానికి కోల్డ్ బ్లూ అనే నలుపెక్కించే ద్రావణం పూయమని ఎవరో సలహా ఇచ్చారు. అలా చేయొచ్చా, పాత రంగు ఎలా తెప్పించాలి అని అడిగారు.

దయచేసి ఆ మూడింటిలో ఒక్కటీ చేయకండి. మీ దగ్గరున్నది నంబర్ 1 మార్క్ 3 స్టార్. మన ఊళ్ళలో పోలీసు ఠాణాల్లో, ఎన్‌సీసీ పరేడ్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ ఇదే. 1917లో దానికి వేసిన పూత దాదాపు అంతా ఇప్పటికీ మురికి కిందే ఉండే అవకాశం ఎక్కువ. పోయిన పూతని తిరిగి తెప్పించడం ఎవరి వల్లా కాదు. కొత్త పూత వేయగలం, అంతే. కాబట్టి మీరు చేయాల్సిన పని పైన పేరుకున్నది తీసేయడం, తుప్పుని ఆపడం.

ఒక్క విషయం అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి: లోహం మీద ఆ నలుపు కూడా తుప్పే. అప్పటి బ్రిటిష్ కర్మాగారాల్లో దాన్ని బ్రౌనింగ్ అనేవాళ్ళు, చివరికి వచ్చే రంగు నలుపే అయినా. జిడ్డు పూర్తిగా తీసిన ఉక్కుకి తుప్పు పట్టించే ద్రావణం పూసి, సన్నగా ఎర్ర తుప్పు వచ్చాక మరిగే నీళ్ళలో ముంచుతారు. ఎర్ర ఆక్సైడ్ నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని మెత్తటి తీగ బ్రష్‌తో దులిపి, మళ్ళీ మొదటినుంచీ చేస్తారు. ఇలా కొన్నిసార్లు చేస్తే ఆ లోతైన నలుపు వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. తుప్పుని కరిగించేది ఏదైనా ఈ నలుపునీ కరిగిస్తుంది. వెనిగర్, ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్లు, ఎవాపో-రస్ట్ లాంటివి, విద్యుత్తుతో తుప్పు తీసే పద్ధతి, అన్నీ ఇంతే. ముంచి తీస్తే భాగం శుభ్రంగా, బూడిద రంగులో, బోసిగా బయటికి వస్తుంది. కోల్డ్ బ్లూ సంగతి వేరు. అది సెలీనియం, రాగి లవణాలతో వేసే పల్చటి పొర. పాత నలుపు పక్కన మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, చేతి రాపిడికి త్వరగా పోతుంది, తెలిసినవాళ్ళు చూడగానే పట్టేస్తారు.

విప్పడం

మేగజైన్ (గుళ్ళు నింపే పెట్టె) తీసి, బోల్ట్ (గొట్టాన్ని వెనకనుంచి మూసే, పిడి ఉన్న ఉక్కు కడ్డీ) వెనక్కి లాగి, గొట్టం వెనక గుండు కూర్చునే చోట ఏదీ లేదని కళ్ళతోనూ వేలితోనూ చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. బోల్ట్ తీయాలంటే దాన్ని పూర్తిగా వెనక్కి లాగి, ముందున్న బోల్ట్ తలని వేలితో పైకి తిప్పండి. టక్కుమని వదులవుతుంది. అప్పుడు వెనక్కి జారుతుంది. బోల్ట్ పిడి వెనక ఉన్న నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) మీద నంబరు ఒకటేనా చూసి రాసుకోండి. గొట్టం మీద, నోస్ క్యాప్ (ముందు కొసకి తొడిగిన లోహపు టోపీ) మీద, గురి చూసే వెనక సైట్ ఆకు కింద, ముందు కర్ర (గొట్టం కింద పొడవునా ఉండేది) అడుగున కొస దగ్గర కూడా అదే నంబరు ఉండాలి. అన్నీ కలిస్తే మీ చేతిలో ఉన్నది అరుదైన వస్తువు. అప్పుడు రెండింతలు నిదానంగా చేయండి.

ఈ రైఫిల్‌ని విప్పేటప్పుడు జరిగే అతి పెద్ద నష్టం ఒకటే: ముందు కర్ర తీయకుండా బట్ విప్పబోవడం. బట్‌ని పట్టుకునే పొడవాటి బోల్ట్ కొస నలుచదరంగా ఉంటుంది. ఆ చదరం ముందు కర్ర వెనక చివరలో ఉన్న చిన్న ఇనప పలకలో కూర్చుంటుంది, బోల్ట్ తిరగకుండా. బట్ వైపునుంచి పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఆ చదరం లోపల పలకని తిప్పుతుంది, వందేళ్ళ కర్ర నిలువునా చీలుతుంది. బయటికి ఒక్క పగులూ కనిపించకుండా లోపలే చీలిన కర్రలు కూడా ఉంటాయి. బట్‌ని అసలు విప్పకపోవడమే మేలు. దాన్ని రైఫిల్ మీద ఉంచే శుభ్రం చేయొచ్చు.

మిగతాది ఈ వరసలో విప్పండి. నోస్ క్యాప్‌కి కింద ఒక స్క్రూ, అడ్డంగా ఒకటి ఉంటాయి. రెండూ తీసి క్యాప్‌ని సూటిగా ముందుకి జరపాలి. బిగుసుకుపోతే కర్ర సుత్తితో అటొక చిన్న దెబ్బ, ఇటొక చిన్న దెబ్బ వేయాలి. అటూఇటూ ఊపితే కర్ర కొస విరుగుతుంది. తర్వాత భుజానికి తగిలించుకునే పట్టీ కొక్కెం ఉన్న బయటి బ్యాండ్, గొట్టాన్ని పైనుంచి కప్పే పై కర్రలు. వెనక పై కర్ర స్ప్రింగ్ పట్టుతో గొట్టాన్ని కరచుకుని ఉంటుంది. ఒక మూలనుంచి పీకకుండా రెండు వైపులా బొటనవేళ్ళతో సమానంగా ఎత్తండి. తర్వాత లోపలి బ్యాండ్ స్క్రూ. దానితోపాటు సన్నని స్ప్రింగ్, వాషర్ వస్తాయి, కింద తెల్ల గుడ్డ పరిచి విప్పితే పోవు. ఆపైన ట్రిగ్గర్ గార్డ్ వెనక స్క్రూ, చివరగా ముందు స్క్రూ. ముందు స్క్రూ చుట్టూ ఉండే చిన్న గొట్టం లాంటి కాలర్ జారిపడొచ్చు. అది లేకుండా మళ్ళీ బిగిస్తే కర్ర నలిగిపోతుంది. ఇప్పుడు ముందు కర్ర కిందికి వస్తుంది. కొసని పట్టుకుని చింపినట్టు లాగొద్దు, పొడవునా సమానంగా దించండి. రిసీవర్ ఆనుకునే రెండు కర్ర భుజాలున్నాయే, వాటిని డ్రాస్ అంటారు, తుపాకీ తాకిడంతా వాటి మీదే పడుతుంది. అవి నూనె పీల్చి మెత్తబడ్డాయో, నలిగాయో వేలుగోటితో నొక్కి చూడండి. ముందు కర్ర కొస దగ్గర గొట్టాన్ని పైకి నెట్టే చిన్న స్ప్రింగ్, దాని మీద బొడిపె ఉంటాయి. అవీ భద్రం.

స్క్రూడ్రైవర్ గురించి ఒక మాట. మామూలు స్క్రూడ్రైవర్ కొస ఏటవాలుగా సన్నబడుతుంది కాబట్టి గాడిలోంచి పైకి జారుతుంది, స్క్రూ తల చెడిపోతుంది. రెండు వైపులా సమాంతరంగా ఉండే గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాళ్ళ) బిట్‌ని గాడి వెడల్పుకీ మందానికీ సరిపోయేలా ఎంచుకోండి. కదలని స్క్రూకి చొచ్చుకుపోయే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. మరలు పాత ఎన్‌ఫీల్డ్ కొలతలవి. హార్డ్‌వేర్ షాపులో వాటికి జోడు దొరకదు.

విప్పేటప్పుడు ఇంకొకటి కూడా గమనించండి. మేగజైన్‌కి కాస్త ముందు, ముందు కర్రకి అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తే మీ రైఫిల్ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో మరమ్మతు చూసిందన్నమాట. కర్ర చీలకుండా అక్కడ వేసిన బలం అది. అలాంటి వాటికి లోహం మీద నల్ల పెయింట్ కూడా ఉండొచ్చు. భూతద్దంతో చూస్తే పెయింట్ పెచ్చు ఊడిన చోట అంచు మెట్టులా కనిపిస్తుంది. తుప్పు నలుపుకి అంచు ఉండదు, క్రమంగా పల్చబడుతుంది. పెయింట్ ఉంటే ఉండనివ్వండి. అది 1917 నాటిది కాకపోవచ్చు గాని ఆ తుపాకీ చేసిన కొలువులో భాగమే.

కర్ర

కర్ర వాల్‌నట్. కర్మాగారంలో దానికి పట్టించింది పచ్చి అవిసె నూనె. తర్వాత సైనికులు పూసిందీ అదే. వార్నిష్, షెల్లాక్ ఏవీ లేవు. ఇప్పుడు మీ చేతికి అంటుకుంటున్న జిగురులో పాత నూనె, తుపాకీ నూనె, గ్రీజు, చెమట, దుమ్ము కలిసున్నాయి.

సాండ్ పేపర్ ఎందుకు వద్దంటున్నానంటే, కర్ర మీద అచ్చులుంటాయి. బట్ పక్కన కర్మాగారం ముద్ర, తనిఖీ చేసినవాళ్ళ చిన్న చిన్న ముద్రలు. అర మిల్లీమీటరు లోతు కూడా ఉండవు. ఒక్కసారి రుద్దితే పోతాయి. పైగా కర్ర తగ్గిపోయి, లోహపు అంచులు దానికంటే పైకి తేలి కనిపిస్తాయి. బట్ అడుగు పలక చుట్టూ వేలు పెట్టి తడిమితే చాలు, ఎవరో రుద్దారని తెలిసిపోతుంది. ఓవెన్ క్లీనర్, కాస్టిక్ సోడా కూడా వద్దు. క్షారం వాల్‌నట్‌ని ఇంకా నల్లబరుస్తుంది, నారని బలహీనపరుస్తుంది.

మొదట గ్రీజు. మీ టెక్సస్ ఎండ దీనికి బాగా పనికొస్తుంది. విప్పిన ముందు కర్రకి పాత నూలు గుడ్డ చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మధ్యాహ్నం ఎండలో రెండు మూడు గంటలు ఉంచండి. గ్రీజు చెమటలా బయటికి వస్తుంది. గంటకోసారి తీసి తుడిచి గుడ్డ మార్చండి. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా, అవసరమైతే రెండు మూడు రోజులు చేయండి. హీట్ గన్ వద్దు, కర్ర ఒకచోట మాత్రమే ఎండి బీట తీస్తుంది.

తర్వాత మినరల్ స్పిరిట్స్, అంటే పెయింట్ పల్చబరిచే ద్రావకం. ముతక గుడ్డని తడిపి, నార వెంబడి, అరచేతి వెడల్పు చోటు చొప్పున తుడవండి. మురికి గట్టిగా ఉంటే నాలుగు సున్నాల (అతి సన్నటి) స్టీల్ ఊల్‌ని, అంటే ఉక్కు పీచుని, అందులో ముంచి బరువు వేయకుండా తిప్పండి. అచ్చుల మీద మాత్రం ఊల్ వద్దు, గుడ్డే. గుడ్డకి నల్లగా వచ్చేది మురికి. ఎర్రటి గోధుమ రంగులో పారదర్శకంగా వస్తోందంటే పాత నూనె పూత కరుగుతోందని అర్థం, అక్కడ ఆపేయండి. కర్ర వెలిసిన రంగుకి తిరగాల్సిన పని లేదు. గాట్లూ మరకలూ ఉన్న ముదురు గోధుమ రంగే దానికి సహజం.

రిసీవర్ వెనక, బట్ మెడ దగ్గర కర్ర నూనె పీల్చి బొగ్గులా నల్లగా ఉంటే అది తుడిస్తే పోదు. సుద్దపొడిని, అంటే కాల్షియం కార్బొనేట్‌ని, ఎసిటోన్‌తో పెరుగులా కలిపి వేలు మందం పట్టించండి. ఆరేటప్పుడు సుద్ద నూనెని పైకి లాగి పసుపు రంగుకి తిరుగుతుంది. బ్రష్‌తో దులిపి మళ్ళీ పెట్టండి. నాలుగైదు సార్లు పట్టొచ్చు. ఎసిటోన్‌తో చేసే పని ఆరుబయటే, నిప్పుకి దూరంగా.

నొక్కులు చాలావరకు వదిలేయమనే చెబుతాను. మరీ కంటికి కొట్టేదుంటే తడిగుడ్డ నాలుగు మడతలు వేసి నొక్కు మీద పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టె కొసతో ఐదారు సెకన్లు ఒత్తండి. ఆవిరికి నలిగిన నార ఉబ్బి లేస్తుంది. నార తెగిన గాటు మాత్రం లేవదు. అచ్చుల దగ్గర ఆవిరి తగలనివ్వకండి, అచ్చు కూడా నొక్కే కదా, అదీ లేచి మాయమవుతుంది.

ఇక నూనె. పచ్చి అవిసె నూనె తీసుకోండి. డబ్బా మీద బాయిల్డ్ అని ఉంటే అందులో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపారని. అది తప్పేమీ కాదు, కానీ అసలుది పచ్చిదే. బట్‌కి ఒక టీస్పూను, ముందు కర్రకి ఒకటిన్నర చాలు. అరచేత్తో రుద్దండి, కర్ర వెచ్చబడేదాకా. అర గంట ఆగి, పైన మిగిలింది ఒక్క చుక్క కూడా లేకుండా పొడిగుడ్డతో తుడిచేయండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే: ఎక్కువ పూసి తుడవకుండా వదిలేస్తే పచ్చి నూనె వారాలపాటు ఆరదు, మళ్ళీ జిగురే, దానికి మళ్ళీ దుమ్ము. చేతికి ఆరినట్టు తగిలాకే రెండో పూత. అందుకు మూడు రోజులూ పట్టొచ్చు, వారమూ పట్టొచ్చు. మూడు నాలుగు పూతలు చాలు. కర్ర లోపలి గాడికీ, డ్రాస్‌కీ కూడా ఒక పల్చటి పూత వేయండి, తేమ అక్కడినుంచే ఎక్కువగా ఎక్కుతుంది.

నూనె గుడ్డల్ని ముద్దగా చేసి చెత్తబుట్టలో వేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ముద్దలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఇళ్ళు తగలబడిన సందర్భాలున్నాయి. నీళ్ళ బకెట్‌లో వేయండి, లేదా బయట ఒక్కో గుడ్డని విడిగా తీగ మీద ఆరేయండి.

లోహం

కర్ర తీయగానే గొట్టం అడుగు చూడండి. పైకి బాగున్న రైఫిళ్ళలో కూడా కర్ర కప్పిన చోటే తుప్పు ఎక్కువ. మొదట మినరల్ స్పిరిట్స్‌తో జిడ్డంతా తుడిచేయండి. మిగిలిన గోధుమ మచ్చల్లో గట్టిగా, నున్నగా, వేలికి రంగు అంటనివి కదలని పాత తుప్పు. వాటి జోలికి పోకండి. నారింజ రంగులో పొడిగా వేలికి అంటేదే తింటున్న తుప్పు. మన పని దానితోనే.

చొచ్చుకుపోయే నూనె, క్రోయిల్ గానీ బాలిస్టాల్ గానీ, పుష్కలంగా పూసి ఒక రోజంతా వదలండి. మర్నాడు నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌ని అదే నూనెలో తడిపి, రెండు వేళ్ళ బరువుతో చిన్న చుట్లుగా తిప్పండి. నిమిషానికోసారి తుడిచి కొత్త నూనె వేయాలి. ఎందుకంటే ఊడిన తుప్పు రేణువులు నూనెలో కలిసి సాండ్ పేపర్‌లా గీరుతాయి. ప్రతిసారీ తెల్లగుడ్డని చూడండి. నారింజ, గోధుమ రంగు వస్తే తుప్పు పోతోంది. నలుపు బూడిద రంగు వస్తే పూత పోతోంది. ఆ రంగు కనిపించిన క్షణమే ఆపాలి. ఎండ ఉన్న కిటికీ దగ్గర కూర్చుని చేయండి, బల్బు వెలుతురులో ఈ తేడా తెలియదు.

బుడిపెలా లేచిన తుప్పుకి అమెరికాలో మంచి పనిముట్టు ఒకటుంది: 1982కి ముందు అచ్చయిన పెన్నీ. అందులో 95 శాతం రాగి. ఉక్కు కంటే మెత్తన, తుప్పు బుడిపె ఊడేంత గట్టి. నూనె వేసి నాణెం అంచుతో తోయండి. తర్వాతి పెన్నీలు జింకు మీద రాగి పూత వేసినవి, అవి పనికిరావు. రాగి గీత అంటుకుంటే నూనె గుడ్డతో పోతుంది.

బ్యాండ్లు, నోస్ క్యాప్, ట్రిగ్గర్ గార్డ్ లాంటి చిన్న భాగాల నిండా సన్నని ఎర్ర తుప్పు ఉంటే రుద్దేకంటే మంచి దారి ఉడకబెట్టడం. మొదట్లో చెప్పిన కర్మాగారం పద్ధతిలో చివరి సగం ఇదే. భాగాన్ని ఎసిటోన్‌తో జిడ్డు లేకుండా కడిగి, చేతి తొడుగులతోనే పట్టుకుని, తీగకి కట్టి, మరిగే డిస్టిల్డ్ నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి. కుళాయి నీళ్ళలోని సున్నం తెల్ల మచ్చలు పెడుతుంది. ఎర్రటిది మఖమల్ లాంటి నలుపుకి తిరుగుతుంది. తీసి, వేడికి నీరంతా ఆరాక, ఎసిటోన్‌లో కడిగిన స్టీల్ ఊల్‌తో పైపైన దులపండి. షాపులో దొరికే ఊల్‌కి నూనె రాసి ఉంటుంది, కడగకుండా వాడితే ఆ జిడ్డు భాగానికి అంటి తర్వాతి సారి ఉడకడాన్ని చెడగొడుతుంది. ఇంకా ఎరుపు ఉంటే మళ్ళీ ఒకసారి. తర్వాత వేడి మీదే నూనె పూసి రాత్రంతా వదలండి. ఉన్న నలుపు ఏమీ పోదు, తుప్పే నలుపుగా స్థిరపడుతుంది. గుంటలు మాత్రం గుంటలుగానే ఉంటాయి.

బోల్ట్ మీద నలుపు లేకపోతే కంగారు పడొద్దు, చాలా రైఫిళ్ళలో దాన్ని మెరుపు ఉక్కుగానే వదిలారు. బట్ అడుగున ఇత్తడి పలక ఉంటే సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి వదిలేయండి. ఇత్తడి పాలిష్ వాడితే అది అంచుల్లోకి, ముద్రల్లోకి దిగి తెల్లగా గడ్డకడుతుంది, పక్క కర్రకీ పడుతుంది.

గొట్టం లోపల

అప్పటి మార్క్ 7 గుళ్ళ క్యాప్‌లలో (మందుని అంటించే అడుగు బిళ్ళల్లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, ఉప్పు లాంటిదే. గాలిలో తేమ పీల్చి గొట్టాన్ని తింటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. సైన్యం గరాటుతో మరిగే నీళ్ళు పోయించింది అందుకే. మీరూ అలాగే ఒక లీటరు మరిగే నీళ్ళు వెనకనుంచి గరాటుతో పోయండి, కర్ర బిగించకముందే. గొట్టం వేడికి దానంతటదే ఆరుతుంది, ఆపైన పొడి గుడ్డలు. తర్వాత కంచు బ్రష్‌తో, మంచి బోర్ సాల్వెంట్‌తో (గొట్టం లోపలి మురికిని కరిగించే ద్రావకంతో), వెనకనుంచి ముందుకి ఇరవై సార్లు. బ్రష్‌ని గొట్టం మధ్యలో వెనక్కి తిప్పకండి, బయటికి వచ్చాకే లాగండి. గుడ్డకి ఆకుపచ్చ నీలం వస్తే పాత గుళ్ళ రాగి కరుగుతోందని. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ అయితే పదిహేను నిమిషాలకి మించి ఉంచొద్దు. గొట్టం లోపల ఐదు గాడులు ఎడమవైపు తిరుగుతూ కనిపించాలి. మసక గుంటలుంటే ఉండనివ్వండి.

కాల్చే ఉద్దేశం ఉంటే ముందు గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ గుండు అంచు ఆనే చోటుకీ మధ్య దూరం) చూపించండి. సైనిక కొలత 0.064 నుంచి 0.074 అంగుళాలు. బోల్ట్ నంబరు కలవకపోతే ఇది తప్పనిసరి. ఒకటి గుర్తుంచుకోండి, అమెరికా చట్టంలో యాంటిక్ అంటే 1898 చివరిలోపు తయారైనవి. మీది వందేళ్ళు దాటినా ఆ లెక్కలోకి రాదు.

బిగించి దాచడం

కర్ర కప్పే లోహానికి పల్చగా గ్రీజు పూసి బిగించండి. అప్పట్లో అక్కడ మినరల్ జెల్లీ (వాజలీన్ లాంటిది) వాడేవాళ్ళు. బయట కనిపించే లోహానికి రినేసాన్స్ వ్యాక్స్ చాలా మంచిది. బ్రిటిష్ మ్యూజియంలో తయారైన మైనం అది, చేతి చెమట తగిలినా కాపాడుతుంది. కర్రకి మాత్రం మైనం వద్దు, తర్వాత అవిసె నూనె లోపలికి దిగదు. నురుగు లోపలున్న పెట్టెలు, తోలు సంచులు తేమని పట్టి ఉంచుతాయి, వాటిలో నెలల తరబడి పెట్టొద్దు. రైఫిల్‌ని అడ్డంగా గానీ, గొట్టం కొస కిందికి వచ్చేలా గానీ ఉంచండి. బట్ కిందికి పెట్టి నిలబెడితే రిసీవర్‌లోని నూనె నెమ్మదిగా జారి బట్ మెడలోకి దిగుతుంది. మీరు సుద్దతో లాగాల్సి వస్తున్న ఆ నల్ల మచ్చ సాధారణంగా అలా పడ్డదే.